మంజుల పళ్ళెంలో ఉలవలు

2023 జూన్ నెల. బెంగళూరు నుంచి హోసూరు వెళ్ళే రోడ్డులో, చందాపుర దాటాక, టైర్ల షాపు పైన మొదటి అంతస్తులో ఉన్న ఒక జిమ్‌లో నేను వారానికి మూడు రోజులు డైటీషియన్‌గా కూర్చునేదాన్ని. వచ్చేవాళ్ళలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు, సగం మంది చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్ళు. బరువు చూసే మిషన్ పక్కన నాకొక బల్ల, రెండు కుర్చీలు ఉండేవి. డైటీషియన్ అంటే అన్నం మాన్పించే మనిషి అని చాలామంది భయపడతారు. నిజానికి మా పని మాన్పించడం కాదు, పంచడం. కండ పట్టడానికి ప్రోటీన్ ఎంత, పని చేసే శక్తికి కార్బోహైడ్రేట్ ఎంత, కూరగాయలు ఎంత అన్నది మనిషిని బట్టి పళ్ళెంలో భాగాలుగా చూపిస్తాం. దీన్నే ప్లేట్ మెథడ్ అంటారు.

నా గురించి కూడా ఒక ముక్క చెప్పాలి, లేకపోతే ఈ కేసు అర్థం కాదు. మా నాన్నది హిందూపురం పక్క. బెంగళూరు పీణ్యలో లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్ళు పనిచేశాడు. రాగిముద్ద, ఉలవచారు తిని పెరిగినదాన్ని. అందుకని మన తిండి గురించి నాకంటే తెలిసినవాళ్ళు లేరని నాకొక పొగరు. తోటి డైటీషియన్లు క్వినోవా, బ్రాకలీ అని రాస్తుంటే నవ్వేదాన్ని. డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడి పేరెత్తితే చాలు, ఒంటికాలి మీద లేచేదాన్ని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటారే, ఆ రకం.

ఆ జూన్‌లోనే కోచ్ గిరీష్ ఒక అమ్మాయిని నా బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు. పేరు మంజుల. వాళ్ళది మడకశిర వైపు, నాన్న టెంపో నడుపుతాడు, అత్తిబెలె శివార్లలో కాపురం. మంజుల అక్కడే ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పొద్దున షిఫ్టు చేసి, సాయంత్రం జిమ్‌కి వచ్చి వెయిట్‌లిఫ్టింగ్ చేసేది. సెప్టెంబర్ ఆఖర్లో ఒక ప్రభుత్వ సంస్థలో స్పోర్ట్స్ కోటా ట్రయల్స్ ఉన్నాయి. ఆమె విభాగంలో రెండు ఉద్యోగాలు. వయసు పరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి ఏడాది. ఆమె పాల్గొనే విభాగానికి శరీర బరువు యాభై తొమ్మిది కిలోలు దాటకూడదు. అప్పటికి అరవై రెండున్నర ఉంది. అంటే మూడున్నర కిలోలు తగ్గాలి, ఎత్తే బరువు మాత్రం పెరగాలి. రెండూ ఒకేసారి జరగడం కష్టం. తిండిలో చిన్న తేడా వచ్చినా కొవ్వుకు బదులు కండ కరుగుతుంది.

ఏం తింటున్నావని అడిగాను. రెండు పూటలా రెండేసి రాగిముద్దలు, కందిపప్పు, ఏదో ఒక ఆకుకూర, పొద్దున గ్లాసు పాలు. ఇంట్లో మాంసం కాదు గదా, గుడ్డు కూడా ఉడకదు. సాయంత్రం గిరీష్ ఇచ్చే ప్రోటీన్ పొడి ఒక గరిటె. ఉలవలు చేస్తారా అని అడిగితే, అమ్మ బాగా చేస్తుందని సంబరంగా చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక చార్టు రాసేశాను. ముద్దలు పూటకు ఒకటి. కందిపప్పు బదులు రోజూ వంద గ్రాముల ఉలవలు ఉడికించి, చారుతో పాటు. ఆకుకూర ఒక పెద్ద కప్పు. పాలు అలాగే. పొడి బంద్.

గిరీష్ ఒప్పుకోలేదు. మూడు నెలలే ఉంది, కొత్త ప్రయోగాలు ఎందుకు మేడం, పొడి ఉండనివ్వండి అని బతిమాలాడు. నలుగురూ వింటుండగా, ఉలవల్లో లేనిది ఆ డబ్బాలో ఏముందని దులిపేశాను. మంజుల ఇద్దరి మధ్యా నిలబడి, నా చార్టును నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. అట్లే చేస్తా మేడం అంది. ఆ పిల్ల మాట ఇచ్చిందంటే చేసే రకమని అప్పుడే అనిపించింది.

మొదటి రెండు వారాలు అంతా బాగుంది. బరువు తగ్గుతోంది. నేను గిరీష్ వైపు చూసి కళ్ళెగరేసేదాన్ని. మూడో వారంలో ఆమె మెట్లెక్కి వచ్చి ఒక నిమిషం గోడకు ఆనుకుని నిలబడటం చూశాను. షిఫ్టు అలసట అనుకున్నాను. నాలుగో వారంలో గిరీష్ తన నోట్‌బుక్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. భుజాల మీద బరువు పెట్టుకుని గుంజీ తీసి లేచే స్క్వాట్‌లో జూన్‌లో తొంభై అయిదు కిలోలతో లేచిన మనిషి, ఇప్పుడు ఎనభై అయిదుకే వణుకుతోంది.  

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. రోజూ తినే ప్రతి పూటా రాయమన్నాను. దాన్ని ఫుడ్ డైరీ అంటాం. ఫోటోలు కూడా పంపమన్నాను. ఒక్కరోజూ తప్పకుండా పంపింది. స్టీలు పళ్ళెం, మధ్యలో గుండ్రంగా ముద్ద, పక్కన ఆకుకూర, చుట్టూ చిక్కటి గోధుమరంగు ఉలవచారు. ఆ చిక్కటి చారు అడుగున ఏముందో ఫోటోలో కనబడదు. కనబడకపోయినా నాకు కనబడ్డట్టే ఉండేది, ఎందుకంటే మా ఇంట్లో చారులో ఉలవలు ఉండేవి. ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి చేసి చూసేదాన్ని. అన్నీ చార్టులో ఉన్నట్టే ఉన్నాయి. మరి పిల్ల ఎందుకు నీరసపడుతోంది?

రక్తపరీక్షలు చేయించాం. రిపోర్టు వచ్చే రెండు రోజులూ ఒకటే ఆలోచన. థైరాయిడ్ కావచ్చు, కిడ్నీ కావచ్చు, నా చార్టు వల్లే ఏదైనా ముంచుకొచ్చి ఉండవచ్చు. డాక్టర్ చూసి, రక్తం కొంచెం తక్కువగా ఉంది తప్ప జబ్బేమీ లేదు, సరిగా తినమనండి అన్నాడు. సరిగా తినమనండి! జబ్బు లేదన్నందుకు సంతోషించాల్సింది పోయి, నాకు ఇంకా భయం పట్టుకుంది. జబ్బు లేకపోతే తప్పు తిండిలో ఉండాలి. తిండి నాది.

గిరీష్‌కు వేరే అనుమానం. బరువు తొందరగా దించడానికి ఒంట్లో నీరు లాగేసే మాత్రలు కొందరు రహస్యంగా వేసుకుంటారు. ఈమె కూడా అదే పని చేస్తోందేమోనని నాతో గుసగుసగా అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు ఊరటగా అనిపించింది. ఆమె అబద్ధం ఆడుతుంటే నా చార్టు తప్పు కానట్టే కదా. ఆ ఊరట గురించి ఇప్పుడు తలచుకున్నా సిగ్గుగా ఉంటుంది.

తొమ్మిదో వారంలో, ఆగస్టులో, స్క్వాట్ చేస్తూ కిందికి వెళ్ళిన మంజుల పైకి రాలేదు. కళ్ళు తేలేసింది. వెనక స్పాటర్‌గా, అంటే పడిపోకుండా పట్టుకునే మనిషిగా, గిరీష్ నిలబడి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఆయన బరువులున్న ఇనుప బారును వెనక్కి లాగేశాడు. అది పడిన చప్పుడుకు కింద టైర్ల షాపువాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. నేను నీళ్ళు తీసుకుని వెళ్ళేసరికి ఆమె నేల మీద కూర్చుని అరచేతులు చూసుకుంటోంది. ఆ బారు మెడ మీద పడి ఉంటే అనుకుంటూనే గ్లాసు ఆమెకు అందించాను.

భయం నాకు ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. ఆమెను నా బల్ల దగ్గర కూర్చోబెట్టి, నిజం చెప్పు, తినడం లేదా, మాత్రలేమైనా వేసుకుంటున్నావా అని గట్టిగా అడిగాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మీరు రాసిచ్చింది తప్ప వేరేది నోట్లో పెట్టలేదు మేడం. పండక్కి ఓళిగ చేస్తే అదీ ముట్టలేదు. రోజూ తింటానే ఉండా, రోజూ తగ్గతానే ఉండా. నా ఒళ్ళే మంచిది కాదేమో అనిపిస్తా ఉండాది."

ఆ మాటతో నా కోపమంతా నీరుగారిపోయింది. ఆమె నా కాగితాన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు, తన ఒంటినే అనుమానించుకుంది. రేపు ఆదివారం మీ ఇంటికొస్తాను, అమ్మ ఎప్పుడూ వండేదే వండమను, నాకోసం ప్రత్యేకంగా ఏమీ వద్దు అన్నాను. పదిహేడేళ్ళ సర్వీసులో నేను ఒక క్లయింట్ ఇంటికి వెళ్ళి పొయ్యి పక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

అత్తిబెలె బస్‌స్టాండ్ నుంచి ఆటోలో వెళ్ళాను. లేఅవుట్ వేసి ఇళ్ళు కట్టని సైట్ల మధ్య వాళ్ళ ఇల్లు. రెండు గదులు, పక్కన రేకుల కింద రెండు ఆవులు. వాళ్ళమ్మ నరసమ్మ నన్ను చూసి కంగారుపడిపోయింది. బిడ్డ పడిపోయిందని అప్పటికే విని ఉంది. కుర్చీ వేసింది, నేను వద్దని వంటింట్లోనే పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె వండుతూనే మాట్లాడింది. మీరు కాగితంలో వంద గ్రాములే రాసినారు, నేను రెండింతలు ఎక్కువే పోస్తా ఉండా తల్లీ, బిడ్డ బరువులెత్తేది కదా అంది. రెండింతలు వేసినా ఈ నీరసమేమిటని నా తల తిరిగిపోయింది.

ఉలవలు మెత్తగా ఉడికాయి. నరసమ్మ కుండ దించి, గుడ్డ కట్టిన గిన్నెలోకి వంచింది. చిక్కటి నీళ్ళు గిన్నెలోకి దిగాయి. గుడ్డలో మిగిలిన ఉలవలను చుక్క మిగలకుండా పిండింది. ఆ నీళ్ళలో చింతపండు, కారం వేసి పొయ్యి మీద పెట్టింది. ఉలవల గుడ్డను తీసుకుని పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. కుడితి తొట్టిలో తౌడు కలిపి ఉంది. అందులో ఆ ఉలవలన్నీ దులిపేసి చేత్తో కలియబెట్టింది. పెద్దావు అలవాటుగా మెడ చాచి మూతి పెట్టింది.

 అవి మీరు తినరా అని అడిగాను.

"సారమంతా కట్టులోకి దిగిపోయిండాది కదా తల్లీ. ఇంక ఆ పిప్పిలో ఏముండాది, గొడ్లకి తప్ప?" అని ఆమె నాకు నచ్చజెప్పింది. తమ ఊళ్ళో తరతరాలుగా అంతేనట. ఉలవలు ఉడికించేది కట్టు కోసం, అంటే ఆ వార్చిన నీళ్ళ కోసం, ఉడికిన గింజ కాడెద్దులకు. అందులో తప్పేమీ లేదు కూడా. ఇంట్లో కందిపప్పు విడిగా ఉన్నన్నాళ్ళు ఏ లోటూ రాలేదు. ఆ పప్పును తీసేసింది నేను. గిరీష్ పొడిని తీసేసింది నేను. ముద్దల్లో సగం తగ్గించింది నేను. ఉలవల్లోని ప్రోటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే ఉంటుంది. కట్టులోకి దిగేది కొంచెమే. తొమ్మిది వారాలుగా ఆ పిల్ల పూటకు ఒక ముద్ద, ఒక ఆకుకూర, ఉలవలు ఉడికిన నీళ్ళు, ఒక గ్లాసు పాలతో ఎనభై కిలోలు ఎత్తుతోంది.

చెప్పకుండా ఎలా ఉంటాను? వీలైనంత మెల్లగా చెప్పాను. మంజుల తలుపు పట్టుకుని వింటోంది. నరసమ్మ చేతికి తౌడు అంటుకుని ఉంది, కడుక్కోలేదు. ఆవు వైపు చూసింది.

"అట్లయితే ఇన్ని దినాలూ నా బిడ్డకి నేను నీళ్ళు పోసినానా?"

తప్పు మీది కాదు, నేను అడగాల్సింది, అడగలేదు అన్నాను. ఆమెకు వినబడిందో లేదో తెలియదు. తొట్టిలో చెయ్యి పెట్టి మిగిలిన ఉలవలను ఏరబోయింది. మంజుల వచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. నేను అటు తిరిగి ఏడ్చాను. ఇందులో దాచడానికేమీ లేదు.

తిరిగొచ్చే బస్సులో కూర్చుని మా అమ్మకు ఫోన్ చేశాను. మన ఇంట్లో ఉలవలు తినేవాళ్ళం కదా, తాలింపు వేసి గుగ్గిళ్ళు చేసేదానివి కదా అని అడిగాను. నా పరువు కాస్తయినా నిలబడుతుందని ఆశ. మా అమ్మ నవ్వింది.

"ఊర్లో అయితే అవి ఎద్దులకే. పీణ్యాలో ఎద్దులు యాడుండాయి? పారెయ్యను మనసు రాక మీకు తాలింపేసి పెడితి."

అంటే నేను మన తిండి అని జబ్బలు చరుచుకున్నది, మా ఇంట్లో పశువులు లేకపోవడం వల్ల వచ్చిన అలవాటు. ఒకే ఊరి మాట, ఒకే రకం కుండ అయినంత మాత్రాన ఒకే పళ్ళెం అవుతుందా? మంజులది మన వైపు కాకుండా ఏ గుజరాతో అయి ఉంటే, ఎలా వండుతారు, ఎలా తింటారు అని వంద ప్రశ్నలు వేసేదాన్ని. మనవాళ్ళే కదా అని ఒక్కటీ వేయలేదు.

మర్నాడు జిమ్‌లో గిరీష్‌కు అందరి ముందే చెప్పాను. పొడి గురించి దులిపింది అందరి ముందే కాబట్టి, ఇదీ అలాగే చెప్పాలి. ఆయన ఒక్క మాట ఎత్తిపొడవలేదు. చార్టు మార్చాను. కందిపప్పు తిరిగి వచ్చింది, ఉలవ గింజలు పళ్ళెంలోకి వచ్చాయి, పెరుగు చేరింది, సాయంత్రం పొడి కూడా నోరు మూసుకుని రాశాను. రోజుకు మరో ముద్ద కలిపాను, ఎందుకంటే కార్బోహైడ్రేట్ చాలకపోతే ఒళ్ళు ప్రోటీన్‌నే ఇంధనంగా తగలేస్తుంది. ఆరు వారాలు మిగిలాయి. వారం వారం నోట్‌బుక్‌లో అంకె పెరుగుతుంటే సంతోషించడానికి కూడా భయం వేసేది. కండ పోయినంత తొందరగా రాదు. ఎనభై అయిదు, ఎనభై ఎనిమిది, తొంభై రెండు. ట్రయల్స్‌కు నాలుగు రోజుల ముందు తొంభై ఆరుతో లేచి నిలబడింది. జూన్‌లో మొదలుపెట్టిన చోటికి సెప్టెంబర్‌లో చేరాం.

ట్రయల్స్ రోజు గిరీష్‌తో పాటు నేనూ వెళ్ళాను. నరసమ్మ రాలేదు, చూడలేనంది. శరీర బరువు యాభై ఎనిమిది కిలోల ఏడు వందల గ్రాములు. ఆ గండం గడిచింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు పద్ధతుల్లో ఎత్తిన అత్యధిక బరువులను కలిపి మొత్తం చూస్తారు. మంజుల మొత్తం నూట నలభై ఆరు కిలోలు. ఆఖరి ప్రయత్నంలో బారును భుజాల దాకా తెచ్చింది. పైకి నెట్టింది, మోచేతులు నిలబడలేదు, వదిలేసింది. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయిది నూట నలభై ఎనిమిది.

బయట మెట్ల మీద కూర్చున్నాం. ఇంకో మూడు వారాలు ఉండి ఉంటే అన్నాను. అనకుండా ఉండాల్సింది. మంజుల చేతికి కట్టుకున్న పట్టీ విప్పుకుంటూ, "నా ఒళ్ళు మంచిదే మేడం, అది తెలిసింది చాలు," అంది. తర్వాత, అమ్మకు మాత్రం రెండు కిలోల సంగతి చెప్పొద్దు, చాలా తేడాతో పోయిందని చెప్పండి అని అడిగింది. చెప్పాను. నరసమ్మ నమ్మిందో లేదో నాకు తెలియదు. మంజుల ఇప్పటికీ ఆ ప్యాకింగ్ యూనిట్‌లోనే ఉంది, ఆదివారాలు వచ్చి ఎత్తుతుంది.

ఈ కేసు తర్వాత నేను చార్టు రాసే ముందు ఇంట్లో వండే మనిషిని వెంట తీసుకురమ్మంటాను. కుండలోంచి పళ్ళెంలోకి వచ్చేది ఏది, రానిది ఏది, రానిది ఎక్కడికి పోతుంది అని అడుగుతాను. గంజి వంచుతారా, మీగడ ఎవరికి, కూర ముక్కలు ఎవరికి, పులుసు ఎవరికి. మనవైపు వాళ్ళయితే ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ వేస్తాను. కొత్తగా చదువు ముగించి వచ్చే డైటీషియన్లకు క్లాసు చెప్పమని పిలిచినప్పుడు కూడా ఈ కథే చెబుతాను. ఆవు తొట్టి దగ్గరికి రాగానే అందరూ నవ్వుతారు. నవ్వనిస్తాను. నవ్వు ఆగాక, ఆ ఏడాది ఉన్నవి రెండు ఉద్యోగాలని, మంజుల వచ్చింది మూడో స్థానమని చెబుతాను.